పురిటికి వెళ్లని దొరసాని

మా కొల్లేరు పక్క ఊళ్లలో చలికాలం వచ్చిందంటే గూడబాతులు దిగుతాయి. సైబీరియా నుంచి వస్తాయని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నిజంగా అంత దూరం నుంచే వస్తాయో, పక్క జిల్లా నుంచే వస్తాయో వాటిని అడిగినవాడు లేడు. వస్తాయి, చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి, గుడ్లు పెట్టి పొదుగుతాయి, పిల్లలకు రెక్కలు వచ్చాక వాటిని వెంటబెట్టుకుని పోతాయి. చెరువులో చేపలన్నీ ఖాళీ చేస్తున్నాయని తిట్టేవాళ్లు కూడా వాటి మీద రాయి వెయ్యరు. పురిటికి వచ్చిన ఆడపిల్లలే అవి, వాటిని ఏమీ అనకూడదు అనేది మా అమ్మ.

నేను దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమాలో సముద్రం ఒడ్డున ఒక విల్లాలో ఆరేళ్లు వంటా, ఇల్లూ చూసుకున్నాను. అక్కడ కూడా చలికాలం వస్తే ఉత్తరం నుంచి ఒక దొర, ఒక దొరసాని దిగేవాళ్లు. వీళ్లు గూడూ కట్టరు, గుడ్డూ పెట్టరు. కార్తీకంలో వచ్చిన దగ్గర్నుంచి ఉగాది ముందు ఎగిరిపోయేదాకా చేసే పని ఒకటే, ఒళ్లు కాల్చుకోవడం. వాళ్ల దేశం పేరు చెప్పను. సంవత్సరంలో సగం మంచు కింద పడి ఉండే దేశం. దాని పేరు ఇక్కడ రాసి మర్యాద చెయ్యడం నాకిష్టం లేదు.

ఆ విల్లా మా కఫీల్‌ది, అంటే నాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు ముసలాయనది. ఆయన కొండల వైపు పెద్దింట్లో ఉంటూ, ఈ ఒడ్డు మీద ఇంటిని చలికాలానికి ఆ జంటకు అద్దెకిచ్చేవాడు. అద్దెలో ఫ్రిజ్, ఏసీ, వంటపాత్రలు, నేను, అన్నీ కలిపే. ఎండలు ముదిరేసరికి కఫీల్ కుటుంబం మొత్తం ఏదో చల్లని దేశానికి పోయేది. దొరలు చలికి జడిసి కిందికి దిగుతారు, కఫీల్ వాళ్లు ఎండకు జడిసి పైకి పోతారు. కఫీల్ వాళ్లు పోయినప్పుడే నాకు సెలవు. అంటే నేను ఊరికి వెళ్లేది ఎప్పుడూ రోహిణి కార్తెలోనే. అక్కడి ఎండలో నుంచి లేచి ఇక్కడి ఎండలో పడేదాన్ని. రెండువేల రెండులో మొదటిసారి విమానం ఎక్కినదాన్ని, ఆ తర్వాత మా ఊళ్లో ఒక్క చలికాలం చూడలేదు. వెళ్లిన ప్రతిసారీ ఖాళీ గూళ్లున్న చెట్లే చూసి వచ్చాను.

పొద్దున్నే దొర చేసే మొదటి పని టీవీ పెట్టడం. వాళ్ల దేశం వార్తలు వచ్చే చానల్ ఒకటి ఉండేది. వాతావరణం చెప్పే అమ్మాయి కనిపించేదాకా మొగుడూ పెళ్లాం కాఫీ కప్పులు పట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు. పటం మీద వాళ్ల ఊరి దగ్గర అంకె పడగానే దొర చప్పట్లు కొట్టేవాడు. సున్నాకు ఎంత కిందికి పోతే అంత ఆనందం. వెంటనే ఫోన్ తీసి, అక్కడే ఉండిపోయిన తమ్ముడికి చేసేవాడు. మంచు తవ్వుతున్నావా, నేనిక్కడ చొక్కా కూడా లేకుండా కూర్చున్నాను అని చెప్పి పడీపడీ నవ్వేవాడు. రోజూ ఇదే తంతు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాళ్లకు సుఖం ఇక్కడి ఎండలో కన్నా అక్కడివాళ్ల వణుకులో ఎక్కువ ఉందని మొదటి ఏడాదే నాకు తెలిసిపోయింది.

తర్వాత ఒళ్లంతా నూనె పట్టించుకుని మేడ ఎక్కేవాళ్లు. ఒక పక్క కాలాక రెండో పక్కకు తిరగడం, మధ్యాహ్నం దాకా అంతే. అదే మేడ మీద ఒక మూల నేను గుమ్మడి వడియాలు పెట్టుకునేదాన్ని. దొర నీడ వడియాల మీద పడుతుంటే కాస్త జరగమని చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. వడియాలు ఎండిపోతే డబ్బాలోకి ఎత్తేదాన్ని. దొరకు మాత్రం నాలుగు నెలలు చాలేది కాదు. ఎండలో పనిచేసి నల్లబడ్డవాళ్లను మా వైపు ఎవరూ మెచ్చుకోరు. పనిలేకుండా నల్లబడితే సెలవు బాగా గడిచింది అని వాళ్ల ఊళ్లో మెచ్చుకుంటారట.

మా ఎదురుగా ఒక ఇల్లు కడుతుండేవాళ్లు. కప్పు మీద ఇనుము కట్టే కుర్రాళ్లలో కరీంనగర్ వాళ్లు ముగ్గురో నలుగురో ఉండేవాళ్లు. నేను బట్టలు ఆరేయడానికి వెళ్తే పలకరించేవాళ్లు. ఒక రోజు వాళ్లలో ఒకడు దొరను చూపించి అడిగాడు.

"అక్కా, గా ముసలాయన రోజు గట్లనే ఎండల పంటడేంది? పానం మంచిగ లేదా?"

మంచిగానే ఉంది, అదే వాళ్లకు సరదా అని చెప్పాను. వాడు నమ్మలేదు. దొరేమో వాళ్ల వైపు చెయ్యి ఊపి, ఆ కుర్రాళ్లు ఎంత అదృష్టవంతులో చూడు, ఏడాది పొడుగునా ఎండలోనే ఉంటారు అని నాతో అన్నాడు. వెటకారంగా అని ఉంటే క్షమించేదాన్ని. మనస్ఫూర్తిగా అన్నాడు.

ఏడాదికి ఒకసారో రెండుసార్లో అక్కడ వాన పడుతుంది. వాన పడిందంటే అక్కడివాళ్లకు పండగ, కార్లు వేసుకుని పిల్లాజెల్లాతో కొండల్లో పారే నీళ్లు చూడ్డానికి పోతారు. మా దొర మాత్రం కఫీల్‌కు ఫోన్ చేసి, ఇదేమిటి, నీ ఇంటి మీద వాన పడుతోంది అని ఫిర్యాదు చేశాడు. పైన కుళాయి ఎవరో తిప్పి మర్చిపోయారన్నట్టు. కఫీల్ అప్పుడు కొండల్లో నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడట. ఆయన కారు నడిపే మనిషి నాకు చెప్పి చెప్పి నవ్వాడు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, వాళ్లంటే నాకున్న చులకన ఒక్క రోజులో పుట్టింది కాదు. కానీ అది అసహ్యంగా మారింది మాత్రం రెండువేల ఎనిమిది చివర వచ్చిన చలికాలంలో.

ఆ కార్తీకంలో దిగినప్పుడు దొరసాని చేతిలో కొత్తగా ఊలూ సూదులూ కనిపించాయి. పసుపు రంగు ఊలు. చెమటలు కారే మేడ మీద కూర్చుని చిన్న టోపీ అల్లుతోంది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి కడుపుతో ఉందని, జనవరిలో కాన్పని, అదే మొదటిదని చెప్పింది. నా కూతురికీ తొలికాన్పే, అదీ పుష్యంలోనే అని నేను చెప్పాను. ఆవిడ సూదులు పక్కన పడేసి నన్ను కావలించుకుంది. నూనెంతా నా జాకెట్టుకు అంటుకుంది. అయినా ఆ పూట ఆవిడంటే నాకు మనసు కాస్త మెత్తబడింది, కాదనను.

నా మనసులో లెక్క అక్కడికక్కడే కుదిరిపోయింది. జనవరిలో కూతురి కాన్పు. కూతురు తల్లి దగ్గరికి రాలేదు. కాబట్టి తల్లే కూతురి దగ్గరికి పోతుంది. డిసెంబరు వెళ్లకముందే వీళ్లు పెట్టెలు సర్దుతారు, విల్లాకు తాళం పడుతుంది. తాళం వేసిన ఇంట్లో వంటమనిషితో కఫీల్‌కు ఏం పని? అడగ్గానే నా పాస్‌పోర్ట్ తీసి నా చేతిలో పెడతాడు. ఆరేళ్లలో మొదటిసారి నేను చలికాలంలో మా ఊరు వెళ్తాను, నా కూతురి తలకు నేనే నీళ్లు పోస్తాను.

దొరసానిని ఒక్క మాట అడిగి ఉండాల్సింది కదా అని మీరనవచ్చు. ఏమని అడగాలి? కూతురి తొలికాన్పుకు తల్లి వెళ్తుందా అని ఎవరైనా ఎవరినైనా అడుగుతారా? మా గోదావరి జిల్లాల్లో అలా అడిగితే చెంప పగలగొడతారు.

మా అమ్మాయి అత్తగారిది ఆకివీడు. నోటి దురుసూ, పని చురుకూ సమంగా ఉన్న మనిషి. తల్లి దుబాయ్‌లో ఉండగా పుట్టింట్లో పురుడెవరు పోస్తారు, మా ఇంట్లోనే కానిద్దాం అని ఆవిడ మొదటి నుంచీ అంటోంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మా ఆయన చేపల చెరువు కాపలాకు పోతే రాత్రీ పగలూ గట్టు మీదే, ఆయన పురుడు పొయ్యలేడు, నిజమే. అయితే మాత్రం, నేను బతికుండగా నా కూతురికి అత్తారింట్లో తొలిపురుడా? ఊళ్లో నా మొహం ఎలా ఉంటుంది? అందుకే దొరసాని నన్ను కావలించుకున్న ఆ వారంలోనే ఆకివీడుకు ఫోన్ చేశాను. కాన్పుకు నేను వస్తున్నాను, తొమ్మిదో నెల రాగానే పిల్లను మా ఇంటికి పంపండి అన్నాను.

"సెలవిచ్చేరా వదినగారూ?" అని అడిగింది మా వియ్యపురాలు.

"ఇచ్చినట్టేనండి."

"ఇచ్చినట్టే అంటే ఇంకా ఇయ్యలేదన్నమాట."

"మాటిత్తన్నాను కదండీ. నేనొత్తాను. పురుడు మా ఇంట్లోనే పోత్తాను."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నా విషయంలో చూలు ఉంది, సెలవే లేదు. డిసెంబరులో మంచిరోజు చూసి మా ఆయన పిల్లను ఇంటికి తెచ్చుకున్నాడు. నిండు నెలలతో తల్లి లేని పుట్టింట్లో కూర్చుని, తన వంట తనే వండుకుంటూ, నా కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది నా కూతురు. ఎప్పుడొస్తున్నావని మా ఆయన అడిగితే, ఇదిగో అదిగో అంటున్నాను.

ఇక్కడ చూస్తే ఎవరూ పెట్టెలు దింపడం లేదు. క్రిస్మస్‌కు మేడ మీద ప్లాస్టిక్ చెట్టు పెట్టి, దాని పక్కనే పడుకుని ఒళ్లు కాల్చుకున్నారు. ఇక ఆగలేక ఒక పొద్దున కాఫీ ఇస్తూ, అటక మీద నుంచి పెట్టెలు దింపనా అని అడిగాను. ఎందుకంది దొరసాని. మీ అమ్మాయి కాన్పు కదా అన్నాను. ఆవిడ నవ్వింది. జనవరిలో అక్కడ ఎంత చలో నీకు తెలియదు, మేమెప్పటిలాగే మార్చిలో వెళ్తాం, అప్పటికి బిడ్డ కూడా కాస్త మొహం తేరి చూడ్డానికి బాగుంటుంది అంది. దొర టీవీ వైపు వేలు చూపించి, సున్నాకు ఎంత కింద ఉందో గర్వంగా చెప్పాడు.

ఆ రోజు కూరలో ఉప్పు వేశానో లేదో నాకు గుర్తులేదు. వేసి ఉండకపోతే మంచి పనే చేశాను. ఆవిడ పాస్‌పోర్ట్ ఆవిడ చేతిసంచిలోనే ఉంది, దువ్వెనతో పాటు. వెళ్లొద్దనే కఫీల్ లేడు, సెలవు అడగాల్సిన పని లేదు, టికెట్‌కు ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. ఆపింది ఒక్క చలి. పుట్టిందీ పెరిగిందీ ఆ చలిలోనే కదా, మూడు వారాలు మళ్లీ ఓర్చుకుంటే కరిగిపోతుందా? గూడబాతు తన పిల్ల కోసం అంత దూరం ఎగిరి వస్తుంది. ఈవిడ పిల్లను వదిలి ఇంత దూరం ఎగిరి వచ్చి, ఎండలో బోర్లా పడుకుంది. అటువంటి ఆవిడకు నేను రోజూ గుడ్లు ఉడకబెట్టి ఇస్తున్నాను. నా ఒళ్లు నాకే మండిపోయింది.

ఇక దాపరికం ఎందుకని కఫీల్ దగ్గరికే పోయాను. నాకు వచ్చిన అరబ్బీ కూరగాయలకు సరిపోతుంది గానీ ఇలాంటి మాటలకు చాలదు. ఆయన కారు నడిపే మనిషి కడప జిల్లా ముస్లిం, నన్ను సొంత అక్కలా చూసేవాడు. అతన్ని పక్కన పెట్టుకుని నెల రోజుల సెలవు అడిగాను. కూతురికి తొలికాన్పు, మా ఆచారం, తల్లి ఉండి తీరాలి అని చెప్పించాను. కఫీల్ కసరలేదు, కోప్పడలేదు. ఓపిగ్గా విన్నాడు. విని, నవ్వి, రెండు మాటలు చెప్పాడు.

"అక్కా, ఆయప్ప ఏమంటాండాడంటే, ఆ మేడం కూతురికీ ఇప్పుడే కాన్పంట గదా. ఆమె పోకుండా ఈడనే కూచోనుంది, నువ్వెందుకు పోవాల అంటాండాడు."

"ఆవిడ తల్లే కాదని చెప్పు" అన్నాను.

అతను ఆ మాటను అరబ్బీలోకి మార్చలేదు. సీజన్ అయిపోయినాక చూద్దామంటాడులే అక్కా, ఇప్పుడింక ఖలాస్ అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, ఆ మహాతల్లి తను వెళ్లదు సరిగదా, వెళ్లకుండా కూర్చుని నన్ను కూడా కట్టేసింది.

సిగ్గు విడిచి ఆవిడనే అడిగాను. మీకు నేను లేకపోయినా జరుగుతుందని కఫీల్‌తో ఒక్క మాట చెప్పండి, ఆయన వింటాడు అన్నాను. తప్పకుండా చెబుతానంది, నా రెండు చేతులూ పట్టుకుంది, కళ్లలో నీళ్లు కూడా పెట్టుకుంది. శుక్రవారం కఫీల్ పలకరించడానికి వచ్చినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. నేను వంటింట్లో టీ మరిగిస్తూ దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. వాళ్లు వెళ్లేటప్పుడు డ్రైవర్ వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. మొహం చూడగానే అర్థమైంది.

"నిన్ను శానా మెచ్చుకునింది అక్కా" అన్నాడు.

జరిగింది ఇది. పాపం కూతుర్ని చూడాలని ఏడుస్తోంది, పంపించు అని ఆవిడ చెప్పిందట. ఆయన ఒప్పుకున్నాడట. సరే, నెల రోజులకు మా ఇంట్లో పనిచేసే ఇంకో మనిషిని ఇక్కడికి పంపిస్తాను అన్నాడట. అప్పుడు ఆవిడ గాభరా పడి, అయ్యో వద్దు, కొత్తమనిషితో మాకు కుదరదు, మా గుడ్లు ఎలా ఉడకాలో ఈమెకే తెలుసు, ఈమె మా ఇంటి మనిషి, ఈమె లేకుండా మేం ఉండలేం అందట. ఇంత మెచ్చుకుంటున్నావు కాబట్టి నీ దగ్గరే ఉండనీలే అని ఆయన లేచాడట. మెచ్చి మేకతోలు కప్పడం అంటే ఏమిటో నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కప్పించుకోవడం అదే మొదటిసారి.

నేరుగా మేడ ఎక్కాను. దొర నిద్రపోతున్నాడు. దొరసాని పసుపు టోపీ అయిపోయి మేజోళ్లలోకి దిగింది. నాకు వచ్చిన వంటింటి ఇంగ్లీషులోనే అడిగాను, నువ్వు తల్లివేనా అని. ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే ఇంటికే కదా పంపుతారు అనుకున్నాను.

ఆవిడకు కోపం రాలేదు. సూదుల మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"మా అమ్మాయి రావద్దంది" అంది.

"ఏ కూతురూ కాన్పుకు తల్లిని రావద్దనదు."

"నా కూతురు అంది. మొగుడున్నాడు, ఆసుపత్రి ఉంది, నువ్వొచ్చి చేసేదేముంది అంది."

నేను నమ్మలేదు. చలికి జడిసి ఆగిపోయి, తప్పు కూతురి మీదికి నెడుతోందనుకున్నాను. కిందికి దిగుతూ ఇంకోటి కూడా అనుకున్నాను. ఒకవేళ ఆ పిల్ల నిజంగానే అలా అన్నా, అందులో వింతేముంది? ఏటా పిల్లను వదిలేసి సముద్రాలు దాటి పోయే తల్లిని, అవసరం వచ్చినప్పుడు ఏ పిల్ల పిలుస్తుంది? చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అని మనసులో గట్టిగా తిట్టుకుని, అంట్లు తోమడానికి కూర్చున్నాను.

పుష్యం వచ్చింది. ఒక పొద్దున టీవీలో వాళ్ల ఊరినే చూపించారు. మంచుతుఫాను. కార్లు ఎక్కడున్నాయో కనబడనంత మంచు, రోడ్లన్నీ మూసేశారు. దొర కుర్చీలో నుంచి లేచి మరీ చప్పట్లు కొట్టి, తమ్ముడికి ఫోన్ కలపబోయాడు. దొరసాని ఆ రోజు నవ్వలేదు. కాఫీ ముట్టుకోలేదు. ఆవిడ కూతురి కాన్పు ఆ వారంలోనే అని నాకు తెలుసు. అయినా జాలి రాలేదు. వెళ్లాల్సినదానివి వెళ్లలేదు, ఇప్పుడు దిగులు దేనికి అనుకుంటూ చల్లారిన కాఫీ తీసుకుపోయి తొట్టిలో పోశాను.

ఆ మధ్యాహ్నమే మా ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అనుకున్నదానికంటే ముందే నొప్పులు వచ్చాయట. తెల్లవారుజామున ఆయన చెరువు గట్టు మీద ఉన్నాడు. పిల్ల ఒక్కతే ఇంట్లో. అది తండ్రికి చెయ్యలేదు, నాకు చెయ్యలేదు, అత్తగారికి ఫోన్ చేసింది. ఆవిడ ఆకివీడు నుంచి ఆటో కట్టించుకుని వచ్చి, పిల్లను భీమవరం ఆసుపత్రికి తీసుకుపోయింది. మా ఆయన అక్కడికి చేరేసరికి ఆడపిల్ల పుట్టేసింది. తల్లీ పిల్లా క్షేమం అన్నాడు. వంటింట్లో గిన్నెల మధ్య కూర్చుని ఏడ్చాను. సంతోషమూ ఉంది, కడుపుమంటా ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, మా వియ్యపురాలు ఫోన్ తీసుకుంది. దెప్పుతుందని పళ్లు బిగబట్టుకుని ఉన్నాను. మాటిచ్చి తప్పినదాన్ని, ఏమన్నా పడాలి. ఆవిడ ఒక్క దెప్పుమాట అనలేదు.

"మీరు రాలేరని నాకు ముందే తెలుసండి. పిల్లను మీ ఇంటికి పంపిన రోజే నా బట్టలు కూడా సర్దుకుని ఉంచేను" అంది. "పురుడు మీ ఇంట్లోనే పోత్తన్నానండి, మీ మాట ఏం పోలేదు."

నా ఇంట్లో, నా పొయ్యి మీద, నా కూతురికి ఆవిడ కారం పొడి కలిపి పెడుతోంది. నా గాబులో కాగిన నీళ్లతో నా మనవరాలికి ఆవిడ స్నానం చేయిస్తోంది. తిట్టినా బాగుండేది. ఒక్కసారి పిల్లకివ్వండి అన్నాను. నా కూతురి గొంతు హాయిగా, నిద్ర తీరినట్టు ఉంది. మార్చిలో ఈ దొరలు పోయిన మర్నాడే కఫీల్ కాళ్లు పట్టుకునైనా వచ్చేస్తానే అని చెప్పాను.

"ఇప్పుడెందుకమ్మా" అంది. "అత్తమ్మ ఉందిగా. నువ్వొచ్చి చేసేదేముంది, రాకులే."

కోపంతో అనలేదు. అలిగి కూడా అనలేదు. కోపమైతే నాకు ధైర్యంగా ఉండేది, తల్లి మీద కోపం తల్లి మీదే కదా. మార్కెట్ నుంచి ఏమన్నా తేవాలా అంటే వద్దులే అన్నట్టు అంది. అంతలో వెనక పాప ఏడ్చింది. ఉండమ్మా అని ఫోన్ పెట్టేసింది. పన్నెండేళ్లప్పుడు జడలు వేసి బడికి పంపి వచ్చిన పిల్ల, నన్ను ఇంక దేనికీ పిలవాల్సిన పని లేని మనిషైపోయింది.

వడియాలు గుర్తొచ్చి మేడ ఎక్కాను. దొర లేడు. దొరసాని ఒక్కతే గోడ వారన నీడలో కూర్చుని ఉంది. ఆవిడ నీడలో కూర్చోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. వాళ్లకూ కబురు వచ్చిందట, మగపిల్లాడట, అల్లుడు దొర ఫోన్‌కు రెండు ముక్కలు రాసి పంపాడట. కూతురు ఇంకా మాట్లాడలేదట. పసుపు టోపీ, మేజోళ్లు ఒళ్లో పెట్టుకుని ఉంది.

ఆవిడ నన్ను అడిగింది. మీ అమ్మాయితో మాట్లాడావు కదా, ఏమంది అని.

ఆరేళ్లుగా నేను చులకన చేసిన మనిషి. తల్లివేనా అని మొహం మీదే అడిగిన మనిషి. ఆవిడ పక్కన ఆ నీడలో నాకు కూడా చోటుంది. ఇంకొంచెం జరిగితే ఇద్దరం సరిపోతాం. నేను జరగలేదు. ఎండలోనే నిలబడ్డాను.

"రమ్మని ఏడుస్తోంది" అన్నాను. "నువ్వు లేకపోతే నాకు తోచడం లేదమ్మా అంటోంది."

దొరసాని నా మొహంలోకి చూసింది. నువ్వు అదృష్టవంతురాలివి అంది.

అవునన్నాను. వడియాలు డబ్బాలోకి ఎత్తుకుని కిందికి వచ్చి, ఆవిడకు గుడ్లు ఉడకబెట్టాను, ఆవిడకు ఎలా కావాలో అలాగే.